చెప్పి వచ్చే బూచి

ఆ వీధిలో తల్లులకి బూచిని వెతుక్కోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. వేరే చోట్ల బూచి చీకట్లో ఉంటుంది, మంచం కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఇక్కడ బూచి పట్టపగలే వస్తుంది. భుజాన గుడ్డసంచి, చేతిలో గొడుగు, అరిగిపోయిన చెప్పులు, మోకాలి నొప్పి. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడకి చెయ్యానించి, "ఈ మెట్లు కట్టినవాడి మోకాళ్ళు అరిగిపోను" అని తిట్టుకుని మళ్ళీ ఎక్కుతుంది.

"పాలు తాగుతావా, బూచక్కని పిలవనా?" అంటారు తల్లులు. పిల్లలు గటగటా తాగేస్తారు.

పిల్లల రక్షణ ఆఫీసులో పనిచేసే మనిషికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారు? ఆ ఆఫీసు నించి ఎవరైనా వచ్చారంటే ఏదో ఒక ఇంట్లో ఒక కంచం తగ్గుతుందని వీధికి తెలుసు. మొదట్లో ఆ పేరు చెవిన పడినప్పుడు ఆమె ఇంటికెళ్ళి మొహం కడుక్కునే వంకతో ఏడ్చింది. రానురానూ పేరు పాతబడింది, ఆమె కూడా పాతబడింది. ఇప్పుడు కొత్త ఇంటి తలుపు తట్టినప్పుడు, లోపల పిల్లలు బిక్కచచ్చిపోయి చూస్తుంటే, తనే ముందు చెప్పేస్తుంది.

"బూచక్కని నేనే. పళ్ళు కదులుతున్నాయి, కరవలేను. కాసిని మంచినీళ్ళిస్తారా?"

ఆమె గురించి చెప్పడానికి పెద్ద చరిత్రేం లేదు. తండ్రి అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. తల్లి పోయాక ఆయనకి ఇద్దరాడపిల్లల్ని పెంచడం చేతకాలేదు. పెద్దదైన ఈమెని వరసకి అత్తయ్యే ఒక చుట్టం ఇంట్లో, చిన్నదాన్ని ఇంకో చుట్టం ఇంట్లో పెట్టాడు. "నాన్న ఎప్పుడొస్తాడు?" అనడిగితే అత్త "ఇవాళో రేపో" అనేది. ఆయన నిజంగానే ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవాడు, చెప్పకుండా. పిల్ల నిద్రలో ఉండగానో బడిలో ఉండగానో వెళ్ళిపోయేవాడు, అదీ చెప్పకుండానే. చాలా ఏళ్ళు ఆ పిల్ల బడి నించి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చేది, ఎవరో వచ్చి వెళ్ళిపోయి ఉంటారని. పెద్దయ్యాక పెళ్ళయింది, కుదరలేదు, బయటికొచ్చేసింది. మందుల షాపులో పనిచేసే చెల్లెలూ ఆమే ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటారు. చిన్నప్పుడు కలిసి ఉండాల్సిన రోజుల్ని ముసలితనంలో అప్పు తీర్చుకుంటున్నారన్నమాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు ఆమెకి చాలా నేర్పింది. గదిలోకి వెళ్ళగానే ఏం చూడాలి, పిల్లని ఏం అడగాలి, తల్లి అబద్ధం చెబుతోందని ఎలా కనిపెట్టాలి. అన్నీ నేర్చుకుంది. ఒక్క విషయం మాత్రం నేర్చుకోలేదు, చెప్పకుండా వెళ్ళి మీదపడడం. మొదటిసారి పోవడం ఎలాగూ చెప్పకుండానే పోవాలి, తప్పదు. ఆ తర్వాత ఏ ఇంటికైనా ఆమె ఒక మాట ఇస్తుంది. "నేను చెప్పి వస్తా. చెప్పి వెళ్తా. చెప్పకుండా మీ గడప తొక్కను."

పై అధికారికి ఇది మింగుడుపడేది కాదు. ఆయన ఆమెకన్నా వయసులో చిన్నవాడు, మంచివాడే. ఇస్త్రీ నలగకుండా కూర్చునే రకం.

"మేడం, చెప్పి వెళ్తే ఇల్లంతా సర్దేసుకుంటారు కదండీ. ఇంక మనకేం కనపడుతుంది?"

"సర్దుకోవడం కనపడుతుంది సార్. మనకోసమైనా సర్దుకుంటున్నారంటే ఇంకా ఆశ చావలేదని."

"చెప్పకుండా వెళ్తే అసలు సంగతి దొరుకుతుంది."

"చెప్పకుండా వెళ్తే దొంగ దొరుకుతాడు సార్. తల్లి దొరకదు."

ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆమె చూసే ఇళ్ళలో చాలామటుకు పిల్లలు తల్లుల దగ్గరే ఉండిపోతున్నారు. ఆఫీసులో మిగతావాళ్ళ ఇళ్ళలో అలా జరగడం లేదు. అంచేత ఆయన పట్టించుకోలేదు.

దుప్పట్లమ్మ ఇంటికి ఆమె మొదటిసారి వెళ్ళింది బడి నించి కబురొస్తే.

దుప్పట్లమ్మకి ముప్పై నిండలేదు. బస్టాండు దగ్గరి లాడ్జిలో ఉతికిన దుప్పట్లు మూటలుగా ఇంటికి తెచ్చుకుని, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి తిరిగి పంపిస్తుంది. మూడో అంతస్తులో ఒకటే గది. గదికి సగం బల్ల, బల్ల మీద ఇస్త్రీ పెట్టె, బల్ల కింద ఆమె కూతురు. ఒకటో తరగతి చదివే ఆ పిల్లకి బడిలో ఉడుత అని పేరు. పెట్టిన తిండిలో సగం తిని సగం దాచుకునేది. జేబులో, పుస్తకాల సంచిలో, పెన్సిల్ డబ్బాలో. టీచరమ్మ ఒకరోజు సంచి దులిపితే ఎండిపోయిన రొట్టె ముక్కలు రాలాయి. పిల్ల చెయ్యి పట్టుకుని "ఎందుకే ఇలా?" అంటే చెయ్యి లాక్కుంది. చొక్కా చేతుల కింద వేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి.

తండ్రి ఎప్పుడో పోయాడు. ఆ గదిలో ఉంటున్నది ఒక లారీ మనిషి. తాగని రోజు మాట్లాడడు, తాగిన రోజు మాట్లాడనివ్వడు. ఆ రోజుల్లో పిల్లని మెట్ల మీదకి నెట్టి తలుపు గడియ పెట్టేసేవాడు. ఎప్పుడు తలుపు తెరుస్తారో తెలియని పిల్ల తిండి దాచుకోక ఏం చేస్తుంది?

బూచక్క వెళ్ళినప్పుడు దుప్పట్లమ్మ ఆమెని కూర్చోమనలేదు. పెద్ద మంచం దుప్పటి ఒకటి తీసుకుని ఒక్కతే మడత పెట్టాలని చూస్తోంది. చేతులు బార్లా చాపినా చాలడం లేదు, మధ్యలో నేలకి రాసుకుంటోంది. బూచక్క సంచి కింద పెట్టి రెండో కొస పట్టుకుంది.

"మీకెందుకండీ, వదలండి."

"నాలుగు కొసలూ నువ్వే పట్టుకుంటే దుప్పటి నేలనంతా ఊడ్చిపెడుతుంది. లాగు. గట్టిగా లాగమ్మా, లాడ్జివాళ్ళు తిండి పెట్టడం లేదా నీకు?"

దుప్పటి మడత పెట్టడంలో ఒక సుఖం ఉంది. ఇద్దరూ చెరో చివర నిలబడి విదిలించినప్పుడు మాట్లాడక్కర్లేదు. కొస కొస కలపడానికి దగ్గరికొచ్చినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదు, కానీ ఎక్కువసేపు చూడక్కర్లేదు. మళ్ళీ వెనక్కి నడిచి ఇంకో దుప్పటి అందుకోవచ్చు. మూటలో సగం అయ్యేసరికి దుప్పట్లమ్మ, కొసలు చేతికిస్తూ, "నా మీద చెయ్యి చేసుకుంటే నేను పడతాను. దాన్ని బయట పెట్టి గడియ వేస్తుంటే గడియ తీయడానికి నాకు చేతులు రాలేదు" అంది. అని వెనక్కి నడిచింది.

ఇలాంటి పిల్లల సంగతి తేల్చే కమిటీ ముందు ఇదంతా తేలింది. పిల్లని తీసుకెళ్ళి హోములో పెట్టాలన్నారు. బూచక్క అడ్డం పడింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. లారీ మనిషి ఆ గడప తొక్కకూడదు. తొక్కినట్టు తెలిస్తే మరుక్షణం పిల్ల హోముకి. ఇందులో రెండో మాట లేదు. లారీ మనిషి కూడా తలూపాడు, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి నేను దాటవేసి పోలేను. ఆ గది అద్దెకి తీసుకున్నది లారీ మనిషి, తన పేరు మీద. తాళంచెవి ఒకటి అతని జేబులోనే ఉండిపోయింది. తాళం మార్పించమని బూచక్క ఇంటి ఓనరు దగ్గరికి వెళితే, "పేరున్నవాడు ఊళ్ళో ఉండగా పేరులేనివాళ్ళ మాట మీద తాళం ఎలా మారుస్తానమ్మా" అన్నాడు. ఆ తల్లీకూతుళ్ళకి వేరే గది ఏదైనా ఇప్పించమని ఆమె ఆఫీసులో అడిగింది.

"ఇళ్ళు ఇప్పించడం మన శాఖ పని కాదు మేడం."

"మరెవరి పని సార్?"

"అదీ... మన పని కాదన్నది మాత్రం ఖాయం."

తల్లీపిల్లా కలిసి ఉండడానికి ప్రభుత్వం దగ్గర ఒక గది లేదు. తల్లి నించి పిల్లని విడదీశాక మాత్రం ఎక్కడలేని గదులూ పుట్టుకొస్తాయి. మంచం, పరుపు, కాపలావాడు, వంటమనిషి, గోడ మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు, అన్నీ ఉంటాయి. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ బూచక్కకి ఉద్యోగం చేసినన్నాళ్ళూ అర్థం కాలేదు. అర్థమైందని చెప్పేవాళ్ళని ఆమె నమ్మనూ లేదు.

సరే, గది లేదు. మంగళవారాలు ఉన్నాయి. ప్రతి మంగళవారం సాయంత్రం ఆమె వెళ్ళేది, ముందురోజు ఫోన్ చేసి మరీ. దుప్పట్లమ్మ ఒక మూట ఆమెకోసమే అట్టే పెట్టేది. మడతలు పెట్టుకుంటూ ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. లాడ్జి మేనేజరు పిసినారితనం, పైవాటాలో కొత్తగా దిగిన జంట పోట్లాటలు, ఉడుత లెక్కల్లో తెచ్చుకున్న సున్నాలు. కష్టాల మాట ఎప్పుడోగానీ వచ్చేది కాదు, వస్తే కొసలు కలిసే దగ్గర వచ్చి మళ్ళీ పోయేది.

ఉడుత మొదట బల్ల కింద నించి చూసేది. తర్వాత దుప్పటి కిందికి దూరి, అటూ ఇటూ పరిగెత్తేది.

"బూచక్కా, నువ్వు పిల్లల్ని తినేస్తావంటగా?"

"తింటా. ఉప్పూకారం సరిపోవాలి. నువ్వు చప్పగా ఉన్నావు, అక్కర్లేదు."

"నేను చప్పగా లేను."

"లేకపోతే ఇటు రా, నాకి చూస్తా."

పిల్ల కెవ్వుమని దుప్పట్లోకి దూరేది. తల్లి ముసిముసిగా నవ్వేది. ఏడాది తిరిగేసరికి పిల్ల సంచిలో రొట్టె ముక్కలు కనపడడం మానేశాయని టీచరమ్మ చెప్పింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఈ ఇంటి సంగతి ముగిసిందని కమిటీకి చెప్పేద్దామన్నాడు పై అధికారి. ఆ సంగతి బూచక్క మంగళవారం నాడు చెబితే దుప్పట్లమ్మ దుప్పటి వదిలేసి ఆమె చేతులు పట్టుకుంది. "నీ పేరు నిలబెడతానక్కా" అంది.

ఆ మాట దగ్గర బూచక్క ఆగి ఉండాల్సింది. "నా పేరుతో నీకేం పని, నీ పిల్ల సంగతి చూసుకో" అని ఉండాల్సింది. ఆమెకి బాగా నచ్చింది ఆ మాట. అన్నేళ్ళ ఉద్యోగంలో తన పేరు నిలబెడతామన్నవాళ్ళు ఎవరున్నారు?

వానలు మొదలయ్యాక ఒక మంగళవారం వెళ్ళేసరికి దుప్పట్లన్నీ అప్పటికే మడతలు పెట్టి ఉన్నాయి. గోడవారగా దొంతి, అంచుకి అంచు కలిసి, గీత గీసినట్టు.

"ఇవాళ నాకు పని మిగల్చలేదే?"

"నీ మోకాళ్ళకి విశ్రాంతి ఇద్దామని అక్కా. కూర్చో, టీ పెడతా."

బూచక్క కూర్చుంది. టీ తాగింది. ఉడుత బల్ల కింద ఉంది, ఎంత పిలిచినా రాలేదు. "వానకి జలుబు చేసింది, ముడుచుకు కూర్చుంది" అంది తల్లి. తరవాతి మంగళవారమూ అంతే. దొంతి, టీ, జలుబు. మడత పని లేకపోయేసరికి ఇద్దరికీ మాటలు దొరకలేదు. ఎదురెదురుగా కూర్చుని మర్యాదగా నవ్వుకున్నారు, కొత్త వియ్యపురాళ్ళలా. బూచక్క మెట్లు దిగుతూ, ఈ అమ్మాయి ఒక్కతే పనంతా చక్కబెట్టుకుంటోంది, నిలదొక్కుకుంది, అనుకుంది. ఆ వారమంతా ఆమెకి మోకాలి నొప్పి కూడా తెలియలేదు.

ఆదివారం వాన తెరిపిచ్చింది. చెల్లెలు మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. పెద్ద మంచం దుప్పటి తీసి ఒక కొస అక్కకిచ్చింది. అంతలో కింద గ్యాస్ పొయ్యి మీద పాలు గుర్తొచ్చి రెండో కొస వదిలేసి పరిగెత్తింది.

"నువ్వు మడతపెట్టేయ్ అక్కా, వస్తున్నా."

"ఒక్కదాన్నేనా? దీన్ని ఒక్కళ్ళే ఎలా మడతపెడతారే—"

అని ఆగిపోయింది.

ఆ దొంతి కళ్ళముందుకొచ్చింది. అంచుకి అంచు. గీత గీసినట్టు. ఉడుత చేతులు బారెడైనా లేవు. పైవాటా జంటకి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునే తీరికే లేదు. మరి రెండో కొస ఎవరు పట్టుకున్నారు?

చెల్లెలు పాలు దించి వచ్చేసరికి అక్క చెప్పులు వేసుకుని, ఫోను చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడికక్కా? ఇవాళ ఆదివారం. ఊళ్ళో పిల్లలందరూ నీ పిల్లలే, సరే, వాళ్ళకైనా సెలవు కావద్దూ నీ నించి?"

బూచక్క ఆలోచిస్తున్నది వెళ్ళాలా వద్దా అని కాదు. చెప్పాలా వద్దా అని. చెప్పకుండా వెళితే కళ్ళతో చూడొచ్చు. చూస్తే ఆ ఇంటికీ తనకీ మధ్య ఉన్న ఒకే ఒక్క మాట పోతుంది. చెప్పి వెళితే ఆ మనిషి జారుకుంటాడు, అంతేగా. జారుకుంటే మంచిదే, తల్లితో తీరిగ్గా మాట్లాడొచ్చు. తనతో నిజం చెబుతుంది. తనతో కాకపోతే ఇంకెవరితో చెబుతుంది?

ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నేను వస్తున్నా."

"ఇవాళా? ఇవాళ మంగళవారం కాదు కదక్కా."

"కాదు. చెప్పకుండా రానన్నా కదా, అందుకే చెబుతున్నా. బస్సెక్కుతున్నా."

అవతల ఎవరో దగ్గారు. మగ దగ్గు.

బస్సు దొరికింది. కూర్చోడానికి సీటు కూడా దొరికింది. ఆ సంగతి ఆమె తర్వాత చాలా రోజులు తలుచుకునేది. తను బస్సులో కూర్చుని ఉంది, కిటికీలోంచి గాలి వస్తోంది, వెళ్ళాక ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంటోంది.

మెట్ల మీద ఒక మగ చొక్కా పడి ఉంది. సగం ఇస్త్రీ అయింది, సగం నలిగి ఉంది. ఆమె దాన్ని దాటుకుని ఎక్కింది. ఆ రోజు మధ్యలో ఆగలేదు, మెట్లు కట్టినవాణ్ణి తిట్టలేదు.

తలుపు బార్లా తెరిచి ఉంది. దుప్పట్లమ్మ నేల మీద కూర్చుని బకెట్లోంచి మగ్గుతో నీళ్ళు తీసి ఉడుత చేతి మీద పోస్తోంది. మోచేయి దగ్గర్నించి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. ఇస్త్రీ పెట్టె బల్లకి అవతల పక్కకి పడి ఉంది, ఇంకా ఎర్రదీపం వెలుగుతోంది. పిల్ల ఏడవడం లేదు. రెండో చేతి పిడికిట్లో రొట్టె ముక్క ఉంది, దాన్ని వదలడం లేదు.

"బట్టలు తీసుకో, పో పో అన్నానక్కా," అంది తల్లి నీళ్ళు పోస్తూనే. "అక్కొస్తోంది, పో అన్నాను. చొక్కా బల్ల మీదుంది. లాగాడు. పెట్టె దాని మీదుంది. ఇది కింద కూర్చునుంది."

బూచక్క వంగి ప్లగ్గు పీకేసింది. పిల్లని ఎత్తుకుంది.

ఆసుపత్రిలో పిల్లని లోపలికి తీసుకెళ్ళాక, వరండాలో బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. చేతుల్లో మడతపెట్టడానికి ఏమీ లేదు.

"ఎప్పట్నించి?"

"వానలకి ముందు. లారీ రిపేరులో ఉంది, పడుకోడానికి చోటు లేదన్నాడు. తాళంచెవి వాడి దగ్గరే ఉందిగా. ఒకరోజు నేను లాడ్జి నించి వచ్చేసరికి లోపల కూర్చుని ఉన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

దుప్పట్లమ్మ తన అరచేతులు చూసుకుంది.

"నువ్వంటే భయం లేదక్కా. భయమున్నా బాగుండేది, ఆ రోజే చెప్పేసేదాన్ని. నువ్వు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, నా మొహం చూసి నవ్వుతావు చూడు. ఆ మొహం మాడిపోతుందని చెప్పలేకపోయాను." అరచేతులు కొంగుకి తుడుచుకుంది. "ఇంకోటి చెబితే అసహ్యించుకుంటావు."

"చెప్పు."

"వాడు దుప్పటి కొస పట్టుకున్నాడు. ఇంతకుముందెప్పుడూ పట్టుకోలేదు. వచ్చిన కొత్తలో తాగలేదు కూడా. నువ్వు మంగళవారాలే వస్తావక్కా. దుప్పట్లు రోజూ వస్తాయి."

అది నిజం, నిజానికి ఏం జవాబుంటుంది?

"నువ్వు ఫోన్ చెయ్యకుండా వచ్చుంటే," అంది దుప్పట్లమ్మ, గొంతు పెంచకుండానే, "వాడు మంచం మీద పడుకుని ఉండేవాడు. ఇది ఆడుకుంటూ ఉండేది. నువ్వు చూసేదానివి. నన్ను తిట్టేదానివి. దీన్ని తీసుకుపోయేదానివి. చెయ్యి బాగుండేది." లేచి నిలబడింది. "మాట మాత్రం నిలబెట్టుకున్నావు."

మర్నాడు ఆఫీసులో పై అధికారి తలుపు మూసి మాట్లాడాడు.

"ఫోన్ చేసిన సంగతి ఎవరితోనూ అనకండి మేడం. మీకూ మంచిది, మనందరికీ మంచిది."

"అనేశాను సార్. కమిటీ పెద్దాయనకి పొద్దున్నే చెప్పాను."

ఆయన తల పట్టుకున్నాడు. "పిల్లని హోముకి వేరేవాళ్ళు తీసుకెళ్తారు. మీరు కొన్నాళ్ళు ఇందులోంచి తప్పుకోండి."

"తప్పుకుంటాను సార్, దింపి వచ్చాక. తెలియని చేతులు పట్టుకెళ్తే ఆ పిల్లకి అదొక దెబ్బ. ఈ చేతులైతే కనీసం తెలిసినవి."

"మీ మీద నమ్మకం పోయి ఉంటుంది కదండీ."

"పోయినా పరవాలేదు. తిట్టడానికైనా తెలిసినవాళ్ళుండాలి."

ఆసుపత్రి నించి హోముకి ఆటోలో వెళ్ళారు. తల్లి పిల్ల బట్టలు మూటకట్టి పంపింది గానీ తను రాలేదు. గౌన్లు, లంగాలు, తలకి కట్టే రిబ్బన్లు కూడా ఇస్త్రీ చేసి మడతలు పెట్టింది. ఉడుత కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తోంది.

"బూచక్కా, నన్ను ఎత్తుకుపోతున్నావా?"

పిల్లలకి ఏం చెప్పాలో ఆఫీసులో నేర్పిస్తారు. కొత్త ఇల్లు, బోలెడు ఆటబొమ్మలు, చాలామంది స్నేహితులు. బూచక్క ఆ మాటలు ఎప్పుడూ వాడలేదు, ఇప్పుడూ వాడలేదు.

"అవును నాన్నా. ఎత్తుకుపోతున్నా."

"అమ్మ తప్పు చేసిందా?"

"అమ్మ చేసింది. నేను చేశాను. నువ్వు చెయ్యలేదు."

"మళ్ళీ తెస్తావా?"

"తెలీదు. తెస్తానని నేను ఒక్కదాన్నే చెప్పలేను. అడుగుతూనే ఉంటా."

పిల్ల ఆమెవైపు తిరిగింది. "ఇప్పుడు నేను చప్పగానే ఉన్నానా?"

బూచక్క మొహం అటు తిప్పుకుంది. ఆటోవాడు అద్దంలోంచి చూసి, ఏమనుకున్నాడో, వేగం తగ్గించాడు.

ఆ తర్వాత జరిగిందంతా ఎప్పుడూ జరిగేదే. విచారణ జరిగింది. తప్పు ఎక్కడుందో తేల్చారు. ముందుగా చెప్పి వెళ్ళడంలో ఉందన్నారు. ఇకనించి ఏ ఇంటికీ ఎవరూ చెప్పి వెళ్ళకూడదని ఆర్డరేశారు. బూచక్కకి ఒక మెమో ఇచ్చారు. తప్పు ఆమెదే, ఆమె కాదనలేదు. కానీ అన్ని మాటలు మాట్లాడిన ఆ విచారణ బల్ల చుట్టూ ఆ తాళంచెవి గురించి ఒక్కళ్ళూ అడగలేదు. రోజంతా నిలబడి ఊళ్ళోవాళ్ళ పక్కదుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషికి తన పేరున ఒక గడియ ఎందుకు లేదని అడగలేదు. లారీ మనిషి లారీ రిపేరయ్యి వెళ్ళిపోయింది. వాడి గురించి పోలీసులు "చూస్తున్నాం" అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. ఓనరు మాత్రం గొడవ ఇల్లని దుప్పట్లమ్మని ఖాళీ చెయ్యమన్నాడు. ఆమె అదే వీధి చివర, మెట్ల కింద గదిలోకి మారింది.

బూచక్క ఆ కేసులో లేదు. అయినా మంగళవారాలు వెళ్ళింది. ముందురోజు ఫోన్ చేస్తే దుప్పట్లమ్మ ఎత్తేది కాదు. తలుపు తడితే తీసేది కాదు. బూచక్క బయట నిలబడి, "హోముకి వెళ్ళొచ్చా. చెయ్యి మానుతోంది. వెళ్తున్నా" అని తలుపుతో చెప్పి వచ్చేసేది. పిల్లలు ఆమెని చూసి ఇళ్ళలోకి పరిగెత్తేవాళ్ళు. ఈసారి వాళ్ళ పరుగులో ఆట లేదు. ఒక తల్లి కిటికీలోంచి, "చూశావా, ఉడుతని నిజంగానే ఎత్తుకుపోయింది. తిను మరి" అనడం ఆమెకి వినపడింది. ఎప్పటిలా "పళ్ళు కదులుతున్నాయమ్మా" అని అందామనుకుంది. అనకుండానే ముందుకి నడిచింది.

చలికాలం ముగుస్తుండగా ఒక మంగళవారం తలుపు తెరిచే ఉంది.

గది ఇంకా చిన్నది. బల్ల పట్టదు, నేల మీదే ఇస్త్రీ. దుప్పట్లమ్మ గోడకి రెండు మేకులు కొట్టింది. దుప్పటి రెండు కొసలూ మేకులకి తగిలించి, మిగతా రెండు కొసలూ తను పట్టుకుని వెనక్కి నడిచి, లాగి, విదిలించి, మళ్ళీ ముందుకొచ్చి కలుపుతోంది. మేకుల దగ్గర గుడ్డ చిరగకుండా పాత సాక్సులు చుట్టింది. బూచక్క గుమ్మంలో నిలబడింది. చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. వెనక్కి తీసుకుంది.

"ఏం తింటోంది?" అంది దుప్పట్లమ్మ, గోడవైపు చూస్తూ.

"పెట్టినదంతా తింటోంది అంటారు వాళ్ళు. నేను దిండెత్తి చూశాను. రొట్టె ముక్కలున్నాయి."

దుప్పట్లమ్మ చేతులు ఆగాయి. దుప్పటి ఒక మేకు నించి జారి సగం నేల మీద పడింది. ఇద్దరూ దాన్ని చూశారు. బూచక్క వంగలేదు. తను వంగితే ఈ మనిషి తట్టుకోలేదని ఆమెకి తెలిసింది. దుప్పట్లమ్మే తీసి, దులిపి, మళ్ళీ మేకుకి తగిలించింది.

"కమిటీ మళ్ళీ ఎప్పుడు కూర్చుంటుంది?"

"ఎండాకాలంలో. గది ఉందా అని అడుగుతారు. ఇది చూపిస్తే చాలదంటారు. అయినా అడుగుదాం."

"ఊఁ."

ఇంకో దుప్పటి అయింది. ఇంకోటి. బూచక్క మోకాలు సలుపుతోంది, కూర్చోమని ఎవరూ అనలేదు. గొడుగు చేతిలోకి తీసుకుంది.

"వెళ్తున్నా అమ్మాయ్. వచ్చే మంగళవారం వస్తా. సోమవారం ఫోన్ చేస్తా."

దుప్పట్లమ్మ వెనక్కి నడిచి దుప్పటి గట్టిగా లాగింది. మేకులు కిర్రుమన్నాయి.

"ఫోన్ చెయ్యకు," అంది. "చెప్పకుండా రా."